అడ్డపొగ: కడుపులో బిడ్డ మాటేమిటి?



అడ్డపొగపై మీ పత్రికలో వచ్చిన వ్యాసం అంగిటి క్యాన్సర్ దగ్గరే ఆగిపోయింది. గర్భిణుల ఊసే లేదు. శ్రీకాకుళం, విశాఖ తీర పల్లెల్లో అడ్డపొగ తాగే, అంటే నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే ఆడవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ తల్లి రక్తంలో ఆక్సిజన్ తగ్గిస్తుంది. నికోటిన్ మాయకు వెళ్లే రక్తనాళాలను కుదిస్తుంది. బిడ్డ తక్కువ బరువుతోనో, నెలలు నిండకుండానో పుట్టొచ్చు, కడుపులోనే చనిపోనూవచ్చు. ‘ఇన్ని నెలలు కాల్చాక ఇప్పుడు మానితే ఏం లాభం?’ అనుకోవద్దమ్మా. ఏ నెలలో మానినా బిడ్డకు మేలే. ఇంట్లో మగవాళ్లూ బీడీ, సిగరెట్ మానాలి. సాయం కావాలంటే 1800 11 2356కు ఉచితంగా ఫోన్ చేయండి.

– ఒక ఆశా కార్యకర్త, శ్రీకాకుళం జిల్లా