వస్తాన్ లిగ్నైట్ చెప్పే లెక్క

"భూమి పూర్వం కూడా వేడెక్కింది, అప్పుడేం ఫ్యాక్టరీలున్నాయి?" అనేవాళ్లు సూరత్‌లోని ఖటోదరా పారిశ్రామికవాడ నుంచి బయల్దేరి అదే జిల్లాలోని వస్తాన్ లిగ్నైట్ గని చూసి రావాలి. నిజమే, 5.6 కోట్ల ఏళ్ల కిందట ఉత్తర అట్లాంటిక్ అగ్నిపర్వతాలు కార్బన్ డయాక్సైడ్ కక్కాయి. సముద్రగర్భంలో గడ్డకట్టిన మీథేన్ కూడా దానికి తోడై ఉండొచ్చు (మన కృష్ణా-గోదావరి తీరానికి ఆవల 2006లో బయటపడింది ఈ రకం నిల్వే). భూమి 5 డిగ్రీల దాకా వేడెక్కింది. అయితే ఆ కార్బన్ బయటపడడానికి కొన్ని వేల ఏళ్లు పట్టింది. మనం దాదాపు పదింతల వేగంతో వదులుతున్నాం. ఆ తర్వాతి వేడి కాలంలో పెరిగిన అడవులే వస్తాన్‌లో లిగ్నైట్ అయ్యాయి. ఆ లిగ్నైట్ నాని నరోలి విద్యుత్కేంద్రంలో కాలి, అడవులు దాచిన కార్బన్ మళ్లీ గాల్లో కలిసింది. ఇక నేటి అగ్నిపర్వతాలంటారా? అవన్నీ కలిసి ఏటా వదిలే కార్బన్ డయాక్సైడ్ మనం వదిలేదాంట్లో 1 శాతం కూడా ఉండదు.