పీత తల్లి చావదు

పీత పిల్లల్ని కంటే చచ్చిపోతుందని, పిల్లలు తల్లి పొట్ట చీల్చుకుని బయటికొస్తాయని మనలో చదువుకున్నవాళ్లు కూడా చెబుతారు. ఈ నమ్మకం నిన్న మొన్నటిది కాదు. వ్యాసభారతం అరణ్యపర్వంలో, తనను ఎత్తుకుపోవడానికొచ్చిన సైంధవుణ్ణి ద్రౌపది ఈ పోలికతోనే హెచ్చరిస్తుంది. ఆడపీత గర్భం దాల్చినట్టు చావును కొనితెచ్చుకుంటున్నావని దాని భావం. కావ్యంలో ఆ మాటకున్న బలాన్ని కాదనను. కానీ గెడ్డలో జరిగేది అది కాదు.

అరకు కొండల్లో గెడ్డ రాళ్ల కింద దొరికే పీతను వెల్లకిలా తిప్పి చూడండి. పొట్ట కింద మడిచిపెట్టినట్టు ఒక పలక ఉంటుంది. మగదానికి సన్నగా, ఆడదానికి వెడల్పుగా. ఆడదాని పలక ఎత్తితే నూగుతో ఉన్న చిన్న కాళ్లు నాలుగు జతలు, వాటిని కరుచుకుని గుడ్లు కనిపిస్తాయి. రొమ్ము అడుగునున్న రెండు రంధ్రాల్లోంచి అవి ముందే బయటికొచ్చేశాయి. ఒంటి బయట ఉన్న గుడ్లు పగలడానికి పొట్ట ఎందుకు చీలాలి? పిల్లలు అక్కడే పుట్టి, కొన్నాళ్లు తల్లిని పట్టుకునే ఉండి, తర్వాత నీళ్లలోకి దిగిపోతాయి. తల్లి బతికే ఉంటుంది, మళ్లీ గుడ్లు పెడుతుంది. పలక తెరుచుకుని పిల్లలు బిలబిలా రావడం, గట్టున పీత విడిచిన ఖాళీ డొల్ల పడి ఉండడం, ఈ రెండూ చూసినవాళ్లు కలిపి కథ అల్లుకుని ఉంటారు.

కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ ఆకుల కింద చెమ్మలో బతికే, ఏడు జతల కాళ్ల బూడిదరంగు జీవి కూడా పీతకు చుట్టమే, పురుగు కాదు. దాని ఆడది కాళ్ల మధ్య పల్చని రేకులతో సంచి కట్టుకుని, అందులోని తడిలో గుడ్లు పొదుగుతుంది. పిల్లలు ఆరు జతల కాళ్లతో బయటపడతాయి, ఏడో జత తర్వాత వస్తుంది. ఈ తల్లీ చావదు. కుబుసం విడుస్తుంది, వెనక సగం ముందు, ముందు సగం తర్వాత.

పీతలన్నీ గుడ్లు వదలడానికి సముద్రానికి పోవాలన్నది ఇంకో అపోహ. బొర్రా గుహల గుండా పారే గోస్తనీ భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది గానీ, కొండ పీతకు ఆ ప్రయాణంతో పనే లేదు. సముద్రపు పీత గుడ్లు లక్షలకు లక్షలు, వాటి పిల్లలు అలల మీద ఎక్కడికైనా కొట్టుకుపోతాయి. కొండ పీతవి పెద్ద గుడ్లు, అవీ కొద్ది. గుడ్డులోంచి నేరుగా బుల్లి పీతే వస్తుంది, పుట్టిన గెడ్డ దగ్గరే పెరుగుతుంది. ఆ గెడ్డలో తల్లులు పోతే సముద్రం నుంచి కొత్తవి రావు.

ఎలాగూ చచ్చేదే అనుకుంటే పిల్లలున్న పీతను పట్టడంలో తప్పు కనిపించదు. అందుకే ఈ నమ్మకాన్ని ఊరికే వదిలేయకూడదంటున్నాను. బడిలో పంతుళ్లు పీతను తిప్పి పిల్లలకు చూపించాలి. పలక కింద గుడ్లో పిల్లలో కనబడితే, దయచేసి దాన్ని తిరిగి గెడ్డలో వదిలేయండి.