రెండో లెన్సు ఎవరు మోయాలి?

మాది సిర్గాపూర్, నారాయణఖేడ్ పక్కన. మా ఊరోళ్ళకి నీళ్ళంటే నల్లవాగు ప్రాజెక్టే. అట్లాంటి ఊరి నుంచి వచ్చి సముద్రం అడుగున లెన్సులు మార్చడం మీద టపా రాస్తున్నానంటే నవ్వొస్తుందని తెలుసు. నవ్వండి, పర్లేదు. కానీ మన సాఫ్ట్‌వేర్ జనం లాంగ్ వీకెండ్ దొరికితే చాలు రుషికొండకో, స్వరాజ్ ద్వీప్‌కో (2018 దాకా హేవ్‌లాక్ అనేవాళ్ళం) పరిగెడుతున్నారు. రెండో ట్రిప్పుకే కెమెరా కొంటున్నారు. కాబట్టి చెప్పక తప్పట్లేదు.

తెలియని వాళ్ళ కోసం. నీళ్ళలో కెమెరా హౌసింగ్ అనే పెట్టెలో ఉంటుంది. దాన్ని అడుగున తెరవలేం. అందుకని చిన్న జీవుల్ని పెద్దగా తీయడానికి పెట్టె బయటే ఇంకో భూతద్దం బిగిస్తారు. అదే మాక్రో వెట్ లెన్స్. సర్వర్ ఆపకుండా డిస్కు మార్చినట్టు, హాట్ స్వాప్ అన్నమాట. విశాఖ వైపు నీళ్ళు చాలా రోజులు మసకగానే ఉంటాయి గనక, మన తీరంలో మాక్రోనే తెలివైన పని అని నా అభిప్రాయం. లెన్సుకీ జీవికీ మధ్య నీళ్ళు ఎంత తక్కువుంటే ఫోటో అంత శుభ్రం.

చిక్కెక్కడంటే, ప్లస్ 10 లెన్సు బిగించాక ఇంచుమించు 10 సెంటీమీటర్లు దాటి ఉన్నదేదీ ఫోకస్ అవ్వదు. పక్కనుంచి తాబేలు పోయినా మసక ముద్దే. దాంతో ప్లస్ 5 ఒకటి, ప్లస్ 10 ఒకటి పట్టుకెళ్ళి మాటిమాటికీ మారుస్తుంటారు. మరలు తిప్పి బిగించే రకమైతే రెండు చేతులూ కావాలి. అంతసేపూ గాలి మీటరు చూడరు, బడ్డీ ఎక్కడున్నాడో చూడరు. తేలడం మీద పట్టు తప్పి మోకాళ్ళు పగడాల మీద ఆనిస్తారు. ఆ పగడాలూ, మీరు తీయబోయే సముద్రగుర్రమూ 2001 నుంచీ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, అంటే పులికున్న రక్షణే వాటికీ ఉంది.

వీటన్నిటికన్నా నాకు ఒళ్ళు మండేది వేరే ఉంది. రెండో లెన్సుని గైడు చేతికిచ్చి మోయించడం! "అన్నా, కొంచెం పట్టుకో" అని పైనే చెప్పేస్తారు. ఆ అన్న నలుగురి గాలి లెక్క చూడాలి, ఎవరికైనా కంగారు పుడితే పట్టుకుని పైకి తేవాలి. ఆయన రెండు చేతులూ ఖాళీగా ఉండటం మన ప్రాణాలకి సంబంధించిన విషయం. ఖరీదైన గాజు చేతిలో పెట్టాక, అది జారితే ఎవడు కడతాడన్న భయంతో ఆయన దృష్టి సగం దాని మీదే ఉంటుంది. డబ్బులిచ్చాం కదా అంటారు కొందరు. ఇచ్చింది దారి చూపడానికి, కూలీ మోయడానికి కాదు.

నా పద్ధతి చెప్తాను, నచ్చితే తీసుకోండి. డైవ్‌కి ఒకటే లెన్సు, తలుపులా పక్కకి మడిచే హోల్డర్‌లో. ఒక్క వేలితో తీయొచ్చు, వేయొచ్చు. రెండోది తప్పదనుకుంటే స్ట్రోబ్ చేతికి బిగించే హోల్డర్ దొరుకుతుంది, దానికి తాడు కట్టి మీరే మోసుకోండి. జాకెట్ జేబులో మాత్రం వద్దు, తీసేటప్పుడే జారేది.

అన్నట్టు, దిగగానే లెన్సుని ఒకసారి తెరిచి, పోర్టుకీ దానికీ మధ్య ఇరుక్కున్న గాలి బుడగల్ని పోనివ్వండి. లేకపోతే ఫోటో మధ్యలో గుండ్రటి మచ్చ పడుతుంది, దాన్ని ఫోటోషాపు కూడా సరిచేయలేదు :)