"మందు అక్కరలేదు" అన్న మాట పాతబడింది

రక్తంలో హెపటైటిస్-బి ఉన్నా లివర్ పరీక్షలు బాగుంటే, "ఇప్పటికి మందు అక్కరలేదు, ఆరు నెలలకొకసారి రండి" అని పంపడం చాలాకాలంగా ఉన్న పద్ధతి. వారిలో ఎందరో "అక్కరలేదు" అన్నది గుర్తుంచుకొని "రండి" అన్నది మరచిపోతారు. వారందరినీ మళ్ళీ పిలిచి పరీక్షించాలని మా నర్సుల అభిప్రాయం.

2024 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మందు మొదలుపెట్టే హద్దును తగ్గించింది. వైరస్ మిల్లీలీటరుకు 2,000 యూనిట్లు దాటి, ఎ.ఎల్.టి. మామూలు కంటే ఎక్కువుంటే చాలు. రక్తసంబంధీకుల్లో లివర్ క్యాన్సర్ వచ్చినవారికి, షుగరు ఉన్నవారికి ఆ లెక్కలతో పనిలేకుండానే మందు ఇవ్వవచ్చు. మందు మాత్రం కొత్తది కాదు. రోజుకొక టెనోఫోవిర్ లేదా ఎంటెకావిర్ మాత్ర. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ప్రభుత్వ చికిత్సా కేంద్రాల్లో ఉచితంగా ఇస్తారు.

"వారానికొక ఇంజెక్షన్ వస్తుందటగా సిస్టర్, అప్పుడు చూద్దాం" అనేవారూ ఉన్నారు. బెపిరోవిర్సెన్ అనే ఆ ఇంజెక్షన్‌ను 24 వారాలు ఇచ్చి చూసిన పరిశోధన 2022లో వెలువడింది. మంచి ఫలితం నిలిచింది నూటికి సుమారు పదిమందిలోనే. సంతోషమే గాని, దానికోసం చేతిలోని మాత్రను వదులుకుంటామా?

ఇక ఒంట్లో బాగుందని మాత్రలు మానేసి పసరు మందుకు వెళ్ళేవారిని చూస్తే మాకు భయం. డాక్టరును అడగకుండా మానితే వైరస్ ఒక్కసారిగా పెరిగి లివర్ పాడై ప్రాణం మీదికి రావచ్చు.

పాత రిపోర్టు ఏ పెట్టెలో ఉన్నా వెతికి తీసుకురండి. ఇంట్లోవారినీ పరీక్షకు వెంట తెండి.