కత్తులు దిగిన కోట... పుస్తకాలు పట్టింది!

విజయనగరం కోటకు రెండు వాకిళ్లు. తూర్పున నగారాఖానా... అదే సింహద్వారం. పడమటిది చిన్నది. రాజకుటుంబంలో ఎవరైనా కన్నుమూస్తే అంతిమయాత్ర ఆ దారినే సాగేదట. ఒక వాకిలి వైభవానికి, మరొకటి వీడ్కోలుకు. మూడు శతాబ్దాల ఈ కోట రెండింటినీ చూసింది.

పూసపాటివారి పాత రాజధాని కుమిలి. అక్కణ్నుంచి తరలిరావాలనుకున్న విజయరామరాజు 1713లో ఇక్కడ శంకుస్థాపన చేశారు. ఆ ఏడాది పేరు విజయ. ముహూర్తం విజయదశమి. వారం జయవారం, అంటే మంగళవారం. కట్టించే రాజు పేరులోనూ విజయమే. ఇక ఊరి పేరు వేరే ఏముంటుంది? ఈ చోటును సూచించింది మహబూబ్ వలీ అనే ఫకీరు అని స్థానికుల నమ్మకం.

కోట చతురస్రంగా ఉంటుంది. ఒక్కో వైపు 240 మీటర్లు, గోడల ఎత్తు 10 మీటర్లు. గోడ పైభాగం వెడల్పు 8 మీటర్ల నుంచి 16 మీటర్ల దాకా! నాలుగు మూలలా బురుజులు, చుట్టూ కందకం. ద్వారాల్లో రాజస్థానీ పోకడ కనిపిస్తుంది. ఇక ఔఖానా రాజకుటుంబం స్నానాలకోసం కట్టింది. 50 అడుగుల ఎత్తున్న ఎనిమిది పలకల రాతి కట్టడం. పైన నీళ్ల తొట్టి, అక్కడికి చేరేందుకు లోపల మెలికల మెట్లు.

ఇంత గోడ ఉన్నా యుద్ధాలు బయటే తేలాయి. 1757లో బొబ్బిలి, 1794లో పద్మనాభం. పేష్కషు తగాదాతో ఈస్టిండియా కంపెనీపై కత్తి దూసిన చిన విజయరామరాజు పద్మనాభంలో నేలకొరిగారు. ఆ తర్వాత సంస్థానం జమీందారీగా మారింది. 1802లో శాశ్వత శిస్తు విధానం వచ్చింది. కంపెనీకి కట్టాల్సిన పేష్కషు స్థిరం. రైతు చెల్లించే శిస్తులో మిగిలింది జమీందారుది. దర్బారు దీపాలకు నూనె పోసింది పల్లె పొలాలేనన్నమాట!

1869లో మూడో విజయరామ గజపతి కట్టించిన దర్బారు హాలు మోతీమహల్. వాకిట్లో రెండు పాలరాతి బొమ్మలు ఆహ్వానం పలికేవి. 1948 చట్టంతో జమీందారీలు రద్దయ్యాయి. శిస్తులు ఆగాక ఇంత పెద్ద కోటను ఏం చేయాలి? పి.వి.జి.రాజు దానికి చదువుతో జవాబిచ్చారు. 1958లో మాన్సాస్ సంస్థను స్థాపించారు. 1975లో మోతీమహల్‌నూ దానికే ఇచ్చేశారు. పై అంతస్తులో మ్యూజియం, మిగతా గదుల్లో మహిళా కళాశాల నడిచాయి. పరదాల చాటున రాణులు బతికిన కోటలోకి రైతుల ఆడపిల్లలు పుస్తకాలతో నడిచొచ్చారు.

ఆ మోతీమహల్ ఇప్పుడు లేదు. 2020లో కూల్చేశారు. శత్రువులెవరూ రాలేదు, ఫిరంగి పేలలేదు. అయినా 151 ఏళ్ల దర్బారు నేలమట్టమైంది. కోటలు యుద్ధాల్లోనే పడిపోతాయనుకుంటాం. పట్టించుకోకపోయినా పడిపోతాయి.

గోడలు, బురుజులు మిగిలాయి. విజయదశమి తర్వాత మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. లక్షల జనం కళ్లప్పగించి చూస్తారు. కోట మాదేనన్న భావన ఆ ఒక్కరోజే కాదు... ఏడాది పొడవునా ఉండాలి. అప్పుడే మిగిలిన గోడలైనా పిల్లల పిల్లలకు దక్కుతాయి.