కాస్త వెనక్కి జరగండి

2008లో మా అమ్మాయికి తెలుగు బడిలో ‘మా తాతయ్యగారి ఇల్లు’ బొమ్మ వేసుకురమ్మన్నారు. అప్పటికి దానికి ఎనిమిదేళ్ళు. ఆ ఇల్లు అది చూడలేదు. నాన్నగారు పోయాక 2004లో అమ్మేశాం, కొన్నవాళ్ళు పడగొట్టి మేడ కట్టుకున్నారు. “వీడియోలో ఉంది కదమ్మా, చూసి వేసుకో” అని ధీమాగా చెప్పి, బేస్‌మెంట్‌లోంచి టేపుల డబ్బా పైకి తెచ్చాను. 1998 వేసవిలో తెనాలి దగ్గర మా ఊరు వెళ్ళినప్పుడు తీసినవి. కొత్తగా కొన్న క్యామ్‌కార్డర్, నెల రోజుల సెలవు. ఇక చెప్పేదేముంది!

పెట్టి చూద్దుం కదా, రెండు గంటలూ మా అబ్బాయి మొహమే. వాడికప్పుడు మూడేళ్ళు. మామిడి రసం మూతికి పూసుకున్న మొహం, గేదెని చూసి ఏడ్చే మొహం, నిద్రపోయే మొహం. జూమ్ బటన్ మీంచి వేలు తీస్తే ఒట్టు. వెనకాల నీలంగా ఏదో మసక. అది తలుపో, గోడో, అమ్మ చీరో తెలియదు. “నుయ్యి ఎక్కడుంది నాన్నా?” అని అమ్మాయి అడుగుతోంది. చూపిద్దామంటే ఎక్కడా లేదు. పక్కనుంచి మా ఆవిడ, “ఇంత పిచ్చిగా తీశారేమిటండీ!” అంది. ముద్దులొలికే ఆ మొహాలన్నీ తీయమని నా వెంటపడింది తనే అని గుర్తు చేయలేదు లెండి.

మూడో టేపు చివర మాత్రం ఒక వింత జరిగింది. అమ్మ భోజనానికి పిలిస్తే కెమెరాని అరుగు చివర స్టూలు మీద పెట్టి, ఆపడం మరిచిపోయి లోపలికి వెళ్ళిపోయాను. అది తన మానాన తాను పదకొండు నిమిషాలు తీసుకుంటూ పోయింది. వాకిలంతా అందులో ఉంది. నుయ్యి, తులసి కోట, వేపచెట్టు కింద నాన్నగారి పడక కుర్చీ. ఆయన వచ్చి కూర్చుని పేపరు విప్పారు. అమ్మ మంచం మీద ఎండబెట్టిన వడియాలు తిరగేసి, కాకిని అదిలించి లోపలికి వెళ్ళింది. మావాడు ఓ మూల చెంబుతో నీళ్ళు పారబోస్తున్నాడు, వేలెడంత ఉన్నాడు. మా అమ్మాయి బొమ్మ వేసింది ఆ పదకొండు నిమిషాలు చూసే.

సినిమావాళ్ళు దీన్ని వైడ్ షాట్ అంటారు. మనిషితో పాటు మనిషి ఉన్న చోటు కూడా కనిపించేది. పిల్లలూ, ‘మాయాబజార్’ (1957)లో ఘటోత్కచుడు భోజనం చేసే సీను మీరు చూసే ఉంటారు. ఎస్.వి. రంగారావుగారి మొహం మాత్రమే చూపించి ఉంటే మనకి నవ్వు వచ్చేదా? ఆ పళ్ళేలు, గంగాళాలు, వాటంతట అవే నోట్లోకి ఎగిరే లడ్డూలు, అన్నీ ఆయనతో పాటు ఒకే ఫ్రేములో ఉండాలి. కెమెరామన్ మార్కస్ బార్‌ట్లీ ఆ పని చేసింది ఇప్పటి టీవీ అంత వెడల్పు కూడా లేని, దాదాపు చదరంగా ఉండే తెర కోసం. కనక వైడ్ షాట్‌కి వెడల్పు తెరే ఉండక్కర్లేదు.

తెర వెడల్పు కావడం వేరే కథ. 1953లో అమెరికాలో ‘ది రోబ్’ సినిమాతో సినిమాస్కోప్ వచ్చింది. కెమెరాకి ఒక ప్రత్యేకమైన లెన్సు పెడితే అది దృశ్యాన్ని అడ్డంగా సగానికి నొక్కి ఫిల్ము మీద పడేస్తుంది. ఆ ఫిల్ము చేత్తో పట్టుకుని చూస్తే మనుషులంతా బక్కపలచగా, తాటిచెట్ల లాగా పొడుగ్గా ఉంటారు. హాల్లో ప్రొజెక్టరుకి ఉండే లెన్సు మళ్ళీ వాళ్ళని సాగదీసి మామూలు మనుషుల్ని చేస్తుంది. హిందీలో గురుదత్ ‘కాగజ్ కే ఫూల్’ (1959) దీనితో తీశారు. తెలుగులో మొదటిది 1974 నాటి కృష్ణగారి ‘అల్లూరి సీతారామరాజు’. కెమెరా వి.ఎస్.ఆర్. స్వామిగారు. మన్యం కొండలు, ఆ కొండల్లో బారులు తీరిన జనం, వాళ్ళ మధ్య రామరాజు. ఆ కథకి అంత వెడల్పు అవసరమే.

ఆ సినిమాని నేను హాల్లో చూశాను. మా పిల్లలు చూసింది ఇక్కడి ఇండియన్ షాపులో అద్దెకి తెచ్చిన క్యాసెట్‌లో. స్కోప్ బొమ్మని పాత టీవీ నిండా పట్టించాలంటే రెండు పక్కలా కోసెయ్యాలి. లెక్క వేస్తే నూటికి నలభై వంతుల పైనే పోతుంది. రామరాజు ఉన్నాడు గానీ కొండలు లేవు, జనం లేరు. “ఇందులో ఏముంది డాడీ?” అన్నాడు మావాడు. వాణ్ణి ఏమనగలను? నేను టేపుల్లో మా ఇంటికి చేసిందీ అదే!

ఈ సెలవలకి ఇండియా వెళ్ళేవాళ్ళు ఒక పని చేసి చూడండి. రోజుకి ఒక్కసారి ఫోన్ అడ్డంగా పట్టుకుని పది అడుగులు వెనక్కి జరగండి. గుమ్మంలో నిలబడితే ఇంకా మంచిది. జూమ్ ముట్టుకోకుండా, కెమెరా అటూ ఇటూ తిప్పకుండా, ఒక నిమిషం ఊరికే ఉండండి. “ఇటు చూడు, హాయ్ చెప్పు” అనొద్దు. ఇప్పటి ఫోన్లలో సగం అంకె నొక్కితే ఇంకా వెడల్పుగా వస్తుంది. ఇరుకు వంటింటికి అది బాగానే పనికొస్తుంది గానీ, అంచుల్లో ఉన్నవాళ్ళు సాగిపోతారు. అమ్మమ్మని అంచున నిలబెట్టకండి, తర్వాత మీకే చీవాట్లు.

అన్నట్టు, ఆ పదకొండు నిమిషాలూ డీవీడీ చేయించి విజయవాడలో ఉన్న మా చెల్లెలికి పంపాను. అందిన రోజు రాత్రే ఫోన్ చేసింది. “అన్నయ్యా, నూతి గట్టు మీద నాన్న కళ్ళజోడు చూశావా? ఆ రోజంతా ఇల్లంతా వెతికించారు గుర్తుందా?”

నేను అప్పటికి ఓ ఇరవైసార్లు చూసి ఉంటాను. కళ్ళజోడు చూడలేదు. ఫోన్ పెట్టేసి మళ్ళీ డీవీడీ పెట్టాను.