కొసరా? కనికట్టా?

ఆషాఢమాసము వచ్చుటయే తడవుగా మన పట్టణములలోని బట్టల యంగళ్లు "సగము ధర" యని ఘోషింప మొదలిడును. పెండ్లిండ్లు లేని మాసము, సరుకు నిలిచిపోవును. కావున వెల తగ్గించి యమ్ముట వర్తకునకు న్యాయమే, కొనువానికి లాభమే. కాని ముందుగా ధరచీటి మార్చి, హెచ్చించిన దానిలో సగము కొట్టివేసి, వెనుకటి వెలకే యమ్ముచు తగ్గింపని చాటువారి నేమనవలెను?

కొసరు మన యంగడికి క్రొత్త గాదు. కూరగాయలు తూచిన పిమ్మట గుప్పెడు కరివేపాకు సంచిలో వేయుట నేటికిని గలదు. అసలు సరిగా తూగిన తరువాతనే కొసరు. అది వర్తకుని లాభములోనుండి వచ్చును. నేటి "ఉచితము" అట్టిది గాదు. ఐదు రూపాయల పొట్లము ఐదు రూపాయలకే యుండును. లోని సరుకు మాత్రము చడీచప్పుడు లేక చిక్కిపోవును. పిదప దానిపైననే "నూటికి 20 వంతు లధికము" అని ముద్రింతురు. తీసికొన్నదానిని తిరిగి యిచ్చి దానమనుట! ఆ పొట్లము కొను కూలివాడు తూనిక చూచి కొనడు. చేతిలోని నాణెము చూచి కొనును. దెబ్బ తగులున దాతనికే.

వర్తకము లాభములో పాలిచ్చి బ్రతుకునా యని నవ్వువారికి ఒక్క నిదర్శనము. ఇంగ్లండునందలి రాచ్‌డేల్ పట్టణమున 1844లో 28 మంది, పెక్కురు పనివారే, కూడి చిన్న యంగడి తెరచిరి. పిండి, వెన్న, చక్కెర వంటి కొలది సరుకులు. కల్తీ లేదు, తూనికలో మోసము లేదు. మిగిలిన లాభమును సభ్యులలో నెవరెంత కొనిరో ఆ లెక్కనే పంచిరి. ఆ యంగడి మూతపడలేదు సరిగదా, దేశదేశముల సహకార సంఘములకు ఒరవడి యయ్యెను.

మనకు చట్టము లేదా? ఉన్నది. వెలలో కలిపివేసినదానిని ఉచితమని భ్రమ గొలుపుట అన్యాయ వర్తకమని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము చెప్పుచున్నది. 2021లో తూనికల నిబంధనలు సవరించి, కొన్ని సరుకుల పొట్లములు ఇన్ని గ్రాములే యుండవలెనను కట్టుబాటును ప్రభుత్వమువారు తీసివేసిరి. బదులుగా గ్రామునకో కిలోకో వెల యింతయని ముద్రింపుమనిరి. మొదటిది వర్తకున కక్కరకు వచ్చెను. రెండవదో, చీమ తలకాయంత యక్షరములలో పొట్లము వెనుక దాగియున్నది! "ఉచిత" మను మాట యెంత పెద్దదో గ్రాము వెలయు నంత పెద్దదిగా నుండవలెనని శాసించుట కేమి యడ్డము?

వర్తక సంఘములవారిని మేమొకటి యడుగుచున్నాము. వచ్చు ఆషాఢమున ప్రతి ధరచీటిపైనను, వైశాఖమున ఆ బట్టను ఏ వెల కమ్మితిరో దానిని గూడ వ్రాయుడు.